థార్‌కు 265 ఎక్కియ్యాల్నా, ఉన్న 245 సైజే నయమా? (తారు, మొరం, నల్లరేగడి మూడూ ఉన్నయ్)

చెలక_బండి
థార్ ఏఎక్స్ ఆప్షనల్, 2.2 డీజిల్, మాన్యువల్, ఫోర్ వీల్ డ్రైవ్. కంపెనీ టైరు 245/75 ఆర్16. గుబ్బలు 3 మి.మీ.కు అరిగినయ్, మార్చుడు తప్పదు. వారంల అయిదు రోజులు హన్మకొండ, కాజీపేట తారు. రెండు రోజులు ములుగు అవతల చేను. చేనుకు రెండు కిలోమీటర్ల బండ్లబాట, సగం మొరం, సగం నల్లరేగడి. ముసురు పట్టిందంటే ఆ సగంల బండి కదలదు. దుకాణపాయన 265/75 ఆర్16 వెయ్యమంటడు. దోస్తులు కొత్త రిమ్ములు కొని 285/70 ఆర్17 వెయ్యమంటరు. లిఫ్ట్ కిట్ (బండి బాడీని పైకి లేపే సామాను) జోలికి పోను. ఏ సైజు వేస్తే ఆ బాట దాటుతది?

హన్మకొండ_థార్
285. ఇంక ఆలోచన లేదు. బండికి మొకం వస్తది.

లెక్కల_మాస్టర్
మొకం సంగతి తర్వాత, ముందు కొలతలు చూద్దాం. 245/75 ఆర్16లో 245 టైరు వెడల్పు మి.మీ.లలో, 75 ఆ వెడల్పులో టైరు పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు శాతం, 16 రిమ్ము అంగుళాలు. రిమ్ము అంగుళాలను 25.4తో గుణించు. వెడల్పులో శాతం తీసి, దాన్ని రెండింతలు చేసి కలుపు. వచ్చేది టైరు మొత్తం ఎత్తు.

245/75 ఆర్16: 406.4 + 367.5 = 773.9 మి.మీ.
265/70 ఆర్16: 777.4
265/75 ఆర్16: 803.9
265/70 ఆర్17: 802.8
285/70 ఆర్17: 830.8
ఎల్ఎక్స్ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18: 788.7

అంటే 265/75 ఇప్పుడున్న దానికన్నా 30 మి.మీ. ఎత్తు. కానీ కింద నేలకు దూరం పెరిగేది అందులో సగమే, 15 మి.మీ. చిటికెన వేలు మందం. 285కు పోతే 28 మి.మీ. దానికోసం రిమ్ములు, టైర్లు స్టెప్నీతో కలిపి అయిదేసి కొనాలి.

265/70 ఆర్16 ఎవరైనా అంటగడితే తీసుకోకు. ఎత్తు మూడున్నర మి.మీ. పెరుగుతుంది, వెడల్పు మాత్రం 20 పెరుగుతుంది. వెడల్పు కావాలనుకునేవాడికి తప్ప దండగ.

రేగడి_రాజు
మాస్టర్ లెక్క కరెక్టు. కానీ అసలు సంగతి ఎవరూ అడగలే. తమ్మీ, "కదలదు" అన్నవు గదా, ఎట్ల కదలదు? బండి బొడ్డు మట్టికి ఆని నిలబడుతున్నదా, లేకపోతే బొడ్డు పైననే ఉండి చక్రాలు ఉన్నకాడనే తిరుగుతున్నయా? రెండూ వేరే రోగాలు. మొదటిదానికి ఎత్తు కావాలె. రెండోదానికి ట్రెడ్ (నేలను పట్టే గుబ్బలు) కావాలె, గాలి తగ్గియ్యాలె. సైజుతో పని లేదు.

ఇంకోటి. వాన పడ్డ తెల్లారి ఆ బాటల గడ్డపార దింపి చూడు. జానెడు లోపల గట్టి నేల తగిలితే సన్న టైరే మేలు, బంకను కోసుకొని పోయి కింద గట్టిని పట్టుకుంటది. మూరెడు దిగినా గట్టి తగలకపోతే నువ్వు ఏ సైజు వేసినా బొడ్డు మీద కూసుంటవ్. అప్పుడు టైర్లకు పెట్టే పైసలతోని రెండు ట్రాక్టర్ల మొరం కొట్టియ్యి.

గోదారి_ఇసుక
సన్న టైరు అని అందరికీ చెప్పకురి. మంథని, కాళేశ్వరం దిక్కు గోదారి ఇసుకల సన్న టైరు వేస్తే కోసుకొని కిందికే పోతది, ఎందుకంటే కింద గట్టి అనేదే లేదు. అక్కడ బండి తేలాలె. 265 వెయ్యి.

రేగడి_రాజు
అన్నా, ఆయన అడిగింది రేగడి. ఇసుకల కూడా తేలేది వెడల్పుతోని తక్కువ, గాలి తీస్తే ఎక్కువ. 32 పీఎస్ఐ నుంచి 16కు దించితే టైరు నేలకు ఆనే జాగ పొడుగు సాగుతది. 20 మి.మీ. వెడల్పు ఎక్కువైతే వచ్చేది దానిముందు ఎంత?

గోదారి_ఇసుక
గాలి ఎట్లయినా తీస్తం. తీసినంక వెడల్పున్నది ఇంకా తేలుతది గదా. నేను మాట మార్చ.

పాత_జీపు
మా కాలపు మహీంద్రా జీపులకు 6.00-16 టైర్లు ఉండేటివి. ఇప్పటి పిల్లలు చూస్తే సైకిల్ టైర్లనుకుంటరు. అవి వేసుకొనే తాడ్వాయి దిక్కు వానకాలం తిరిగినయ్ బండ్లు. సన్నటైరు మట్టిని ముందటికి నెట్టుకుంట పోదు, చీల్చుకుంట పోతది. వెడల్పు టైరు ముందట మట్టి కట్టలెక్క లేస్తది, ఇంజిన్ ఆ కట్టను నూకుడుకే సరిపోతది.

టైర్ల_దుకాణం
"దుకాణపాయన" అన్నది నన్నే కాదు గదా 😄 నేనైతే సైజు చెప్పేముందు రిమ్ము వెడల్పు చూస్తా. రిమ్ము మీద అచ్చు పోసి ఉంటది, జె అక్షరం పక్కన అంకె. 265/75 ఆర్16కు కనీసం 7 అంగుళాల రిమ్ము కావాలి. అంతకన్నా సన్న రిమ్ముకు ఎక్కిస్తే సైడ్‌వాల్ బుగ్గలెక్క ఉబ్బుతది, ట్రెడ్ నడుమ అరిగి అంచులు మిగులుతయ్, మలుపుల బండి ఊగుతది.

రెండోది, సైజు ఒక్కటే అయినా టైరు రెండు తీర్లు. సైజు ముందట ఎల్‌టీ అని ఉంటే లైట్ ట్రక్ టైరు. పొరలు ఎక్కువ, సైడ్‌వాల్ మందం, బరువు ఎక్కువ. 265/75 ఆర్16ల పది ప్లై రేటింగు ఎల్‌టీ అయితే ఒక్కో టైరు 22 కిలోలు దాటుతది. ఆ అక్షరాలు లేనిది మామూలు కారు తరహా టైరు, తేలిక. ఎల్‌టీ వేసి పాత గాలే పెడితే తప్పు. అంతే బరువు మొయ్యాలంటే దానికి 6-8 పీఎస్ఐ ఎక్కువ కావాలి. తలుపు దగ్గర స్టిక్కర్‌ల ఉన్న అంకె కంపెనీ టైరుకు రాసింది, దీనికి కాదు.

మూడోది లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు మోసే బరువు చెప్పే అంకె. 109 అంటే 1030 కిలోలు, 112 అంటే 1120, 116 అంటే 1250. పాత టైరు మీద ఉన్న అంకెకు తగ్గకుండ చూసుకో. అంకె పక్క అక్షరం స్పీడు: క్యూ 160, ఎస్ 180, టీ 190, హెచ్ 210. మట్టి టైర్లకు ఎక్కువగా క్యూ ఉంటది, భయపడే పని లేదు. ములుగు రోడ్డు మీద 160 కొడితే టైరు కన్నా ముందు వేరే సంగతులు చూసుకోవాలి.

బొగ్గుట్ట
పైన చెప్పినవాటికి ఒకటి కలుపుత. వెనక స్టెప్నీ తలుపుకు వేలాడుతది. కంపెనీ టైరుకన్నా అయిదారు కిలోలు ఎక్కువున్న ఎల్‌టీ టైరు దానికి తగిలిస్తే, గుంతల బాటల మీద తిరిగి తిరిగి తలుపు కబ్జాలు వదులైతయ్. తలుపు మూసేటప్పుడు కొంచెం ఎత్తి మూయాల్సి వస్తున్నదంటే మొదలైనట్టే. మా భూపాలపల్లి దిక్కు బండ్లల్ల ఇది మామూలే.

చెలక_బండి
గడ్డపార దింపి వచ్చిన. బాట పొడుగునా నాలుగు జాగలల్ల చూసిన. మూడిట్ల జానెడు, జానెడు మీద రెండేళ్లు దిగి ఠంగుమన్నది. నాలుగోది కల్వర్టు పక్కన, అక్కడ మోచేతి దాక దిగింది. బొడ్డు ఆనదు. చక్రాలు గుండ్రంగా నున్నగ అయిపోతయ్, గుబ్బల నడుమ మట్టి నిండిపోయి లడ్డు లెక్క తిరుగుతయ్. రిమ్ము వెడల్పు 265కు సరిపోతది, చూసిన.

రేగడి_రాజు
అయిపాయె. నీకు సైజు రోగం లేదు. 3 మి.మీ. గుబ్బలతోని రేగడిల ఏ బండి పోదు. చట్టప్రకారం తారు మీద 1.6 దాక నడుస్తది, కానీ మట్టిల సగం అరిగిన టైరు అరిగిన టైరే. కొత్త ఏటీ (ఆల్ టెరైన్, అన్ని బాటలకు) టైరుకు 10 మి.మీ. అటుఇటు లోతు ఉంటది, ఎంటీకి (మడ్ టెరైన్, మట్టి టైరు) ఇంకా ఎక్కువ. 245/75 ఆర్16లనే గుబ్బల నడుమ సందు ఎక్కువున్న ఏటీ తీసుకో. ఇంతే.

హన్మకొండ_థార్
ఎంటీ తీసుకోమను, సందు ఇంకా ఎక్కువ.

టైర్ల_దుకాణం
వారంల అయిదు రోజులు తారు అన్నడు గదా. ఎంటీ తారు మీద మోత మోగిస్తది, తొందరగ అరుగుతది, వాన పడ్డ తారు మీద బ్రేకు కొడితే ఏటీ కన్నా దూరం జారుతది. బాట బంకగ ఉన్నప్పుడు చేనుకు పోయేది వానకాలంల పది పన్నెండు సార్లు. ఆ పది రోజులకోసం మిగిలిన రోజులు చెవులు పోగొట్టుకొనుడు ఎందుకు?

పాత_జీపు
ఎంటీ రేగడిల పనిచేసేది ఎందుకో తెలిసి కొనాలె. గుబ్బల నడుమ మట్టి నిండుతది, చక్రం జెర జోరుగ తిరిగితే ఎగిరిపడి ఖాళీ అయితది, మళ్ల పట్టు దొరుకుతది. కాబట్టి ఎంటీకి కాలు తొక్కాలె. ఏటీకి అట్ల తొక్కితే నున్నగనే తిరిగి గుంత తవ్వుతది. ఏటీ ఉంటే 4ఎల్‌ల (మెల్లగ పోతూ ఎక్కువ బలమిచ్చే ఫోర్ వీల్‌ల) రెండో గేరు వేసి, ఒక్క తీరు కాలు పెట్టి, ఆపకుండ పోవాలె. స్టీరింగ్ కొద్దికొద్దిగ ఎడమకు కుడికి ఆడిస్తే టైరు అంచు గుబ్బలు కొత్త మట్టిని పట్టుకుంటయ్.

గోదారి_ఇసుక
సరే సైజు పెంచొద్దంటరు. కానీ వెనక యాక్సిల్ గుండు (నడుమ గేర్లుండే ఉబ్బు) సంగతి? థార్‌కు వెనక రెండు చక్రాలను కలిపే ఒకే ముద్ద యాక్సిల్. లిఫ్ట్ పెట్టినా బాడీనే లేస్తది, గుండు లేవదు. గుండు లేపేది టైరు ఒక్కటే. కల్వర్టు కాడ మోచేతి దాక దిగిందని ఆయనే చెప్పిండు.

రేగడి_రాజు
ఇది మాత్రం ఒప్పుకుంట. కానీ 15 మి.మీ.తోని మోచేయి లోతు దాటదు. ఆ ఒక్క జాగల కంకర పోసుకునుడే.

లెక్కల_మాస్టర్
265/75 వేస్తే ఇంకో మూడు మారతాయి, ఎవరూ అనలేదు.

ఎత్తు 3.9 శాతం పెరిగింది కాబట్టి గేర్లు కూడా అంత శాతం పొడుగైనట్టే. మట్టిలో 4ఎల్ మొదటి గేరులో పాకే స్పీడు కొంచెం పెరుగుతుంది, దిగుడులో ఇంజిన్ పట్టు కొంచెం తగ్గుతుంది. థార్ డీజిల్‌కు 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, లాగలేకపోదు. కానీ తారు మీద అయిదు, ఆరు గేర్ల నుంచి ముందుకన్నా ఎక్కువసార్లు దించాల్సి వస్తుంది.

స్పీడోమీటరు మునుపు 100 చూపినప్పుడు ఎంత పోయేవాడివో ఇప్పుడు దానికన్నా దాదాపు 4 ఎక్కువ పోతావు. ఓడోమీటరు అంతే తక్కువ తిరుగుతుంది. మైలేజీ పడిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్లలో కొందరిది ఈ లెక్క తప్పే.

బరువు అంచున పెరుగుతుంది కాబట్టి బ్రేకు దూరం మీద తేడా తెలుస్తుంది.

285కు అయితే తేడా 7.4 శాతం. దాని గురించి మాట్లాడను.

హన్మకొండ_థార్
మాస్టర్ నన్ను బెంచీ ఎక్కించిండు.

జిమ్నీ_జమ్మికుంట
మధ్యల దూరుతున్నందుకు ఏమనుకోకుండ్రి. జిమ్నీకి 195/80 ఆర్15 వస్తది. 235/75 ఆర్15 ఎక్కియ్యొచ్చా? రిమ్ము కంపెనీదే.

లెక్కల_మాస్టర్
195/80 ఆర్15 ఎత్తు 693. 235/75 ఆర్15 ఎత్తు 733.5. అయిదున్నర శాతం దాటింది. పైగా కంపెనీ రిమ్ము 5.5 అంగుళాలే, 235కు 6 కనీసం. 1.5 పెట్రోలు, 134 న్యూటన్ మీటర్లు. ఎక్కుడులో గేరు గేరుకూ తెలుస్తుంది. 215/75 ఆర్15 చూడు, 703.5, ఒకటిన్నర శాతమే, అదే రిమ్ముకు కూర్చుంటుంది.

జిమ్నీ_జమ్మికుంట
215 ఖాయం. షుక్రియా సారు.

బొగ్గుట్ట
చెలక_బండి, అయినా సరే 265 అనుకుంటే దుకాణంల ఎక్కించేముందు ఇంటికాడ ఒక పరీక్ష చెయ్యి. పాత హవాయి చెప్పు అడుగు 15 మి.మీ. మందం ఉంటది. దాన్ని బెత్తెడు ముక్క కోసి, ముందు టైరు మీద ట్రెడ్ అంచు దగ్గర, లోపలివైపు ఒకటి బయటివైపు ఒకటి, గట్టి టేపుతోని చుట్టు. స్టీరింగ్ ఎడమకు ఫుల్ లాక్ తిప్పి మెల్లగ ఒక చుట్టు నడిపి చూడు, తర్వాత కుడికి. ఆ ముక్క ఎక్కడ గీరుతదో అక్కడ కొత్త టైరు తగులుతది. చదును నేల మీద తగలకపోతే, ముందు చక్రం ఒకటి జానెడున్నర ఎత్తు బండ మీదికి ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు మళ్ల చూడు. సాధారణంగ తగిలేది రెండు జాగలు: బంపర్ వెనక మూల, లోపలి ప్లాస్టిక్ లైనర్.

రేగడి_రాజు
చెప్పు ముక్కకు ఇంకో పది మి.మీ. కలుపుకో. రేగడి టైరుకూ లైనర్‌కూ నడుమ పట్టి గడ్డ కడుతది. పొడి నేల మీద తగలని టైరు చేన్ల లైనర్‌ను చింపేది అందుకే.

హన్మకొండ_థార్
తగిలితే బయటికి తెచ్చే రిమ్ములు, స్పేసర్లు ఉంటయ్ గదా.

టైర్ల_దుకాణం
ఉంటయ్. చక్రం బయటికి వస్తే బేరింగు మీద భారం పెరుగుతది, స్టీరింగ్ గుంతలల్ల చేతిల గుంజుతది, ఫెండర్ బయటికి వచ్చిన టైరు రాళ్లు బాడీ మీదికి, వెనకొచ్చే బైకు మీదికి ఎగరేస్తది. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీల ఉన్న బండి రూపు మార్చుడు కుదరదు. 2019 సవరణ తర్వాత మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాక జైలు, లేదంటే రెండూ అని రాసి ఉంది. పోలీసులు ఆపినా ఆపకున్నా, యాక్సిడెంట్ అయితే బీమా సర్వేయర్ మాత్రం టైరు సైజు చూస్తడు.

గోదారి_ఇసుక
ఏటూరునాగారం, కవ్వాల్ దిక్కు అడవిల బాట దిగితే ఫారెస్టోళ్లు సైజు కూడా అడగరు, సీదా కేసే 😄

చెలక_బండి
పక్కా అయింది, 245/75 ఆర్16 ఏటీ. ఇప్పుడు నాలుగు కొనాల్నా, అయిదు కొనాల్నా? స్టెప్నీ కొత్తగనే ఉన్నది, ఒక్కసారి కూడా నేల మీద పెట్టలే. ఇంకా గాలి లెక్క చెప్పుండ్రి.

టైర్ల_దుకాణం
స్టెప్నీ తేదీ చూడు. సైడ్‌వాల్ మీద డాట్ నంబరు చివర నాలుగు అంకెలు. 2321 అంటే 2021ల 23వ వారం తయారైంది. నేల మీద పెట్టకపోయినా ఎండకు రబ్బరు ఎండుతది. సైడ్‌వాల్ మీద వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే పక్కన పెట్టు.

పగుళ్లు లేకున్నా నాలుగు కొత్తవి, ఒకటి పాత రకం పెట్టుకొని 4హెచ్‌ల (మామూలు స్పీడు ఫోర్ వీల్‌ల) తిప్పొద్దు. చుట్టుకొలత తేడా ఉంటే ముందు వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి గుంజుకుంటయ్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) మీద పడతది. తారు మీద ఫోర్ వీల్ వెయ్యొద్దనేది కూడా ఇందుకే. అయిదు ఒక్క తీరువి కొని, 8 వేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో కలిపి తిప్పితే అయిదూ కలిసి అరుగుతయ్.

రేగడి_రాజు
గాలి: తారు మీద స్టిక్కర్‌ల ఉన్నంత, పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు. రామగుండం ఎండల రెండు గంటలు నడిపినంక కొలిస్తే 4 పీఎస్ఐ దాక ఎక్కువ చూపిస్తది, అది తీసెయ్యకు. రేగడి బాట మొదట్ల ఆపి 22కు దించు. ఇసుక అయితే 15-16. దించినంక స్పీడు 30 దాటకు, ఒక్కసారి స్టీరింగ్ విరవకు. 15 కిందికి పోతే టైరు అంచు రిమ్ము నుంచి జారొచ్చు.

పాత_జీపు
జానెడు బంక కింద గట్టి నేల ఉన్నకాడ 22 ఎందుకు? టైరు వెడల్పయితది, కోసే గుణం పోతది. నేనైతే 26 కన్నా దించ.

రేగడి_రాజు
గాలి తగ్గితే గుబ్బలు వంగి లేస్తయ్, నడుమ ఇరుక్కున్న మట్టి వదులుతది. నాకు అది ముఖ్యం. మొదటిసారి 26తో పోనియ్యి తమ్మీ, లడ్డు అయితే 22కు దించు. మేమిద్దరం కొట్లాడుకుంటం, నువ్వు బాట దాటు.

బొగ్గుట్ట
పత్తి చేన్ల నుంచి అడ్డం పడి పోకు. కట్టె కొట్టినంక మిగిలిన మోళ్లు ఏటవాలు కోసి ఉంటయ్, గాలి తగ్గిన టైరు సైడ్‌వాల్ బయటికి ఉబ్బి సీదా వాటి మీదనే పడుతది. ట్రెడ్‌ల దిగితే పంచరు. సైడ్‌వాల్‌ల దిగితే టైరు పోయినట్టే, దానికి పాచ్ లేదు. సర్కారు తుమ్మ ముల్లు ట్రెడ్‌ల దిగి గాలి మెల్లగ పోతుంటే అక్కడనే పీకకు. ముల్లే మూత లెక్క ఉంటది. గాలి కొట్టుకుంట పంచరు దుకాణం దాక రా.

లెక్కల_మాస్టర్
ఇంటికొచ్చాక స్టీరింగ్ 70-80 దగ్గర వణికితే బ్యాలెన్సింగుకు పరుగెత్తకు. రిమ్ము లోపలివైపు రేగడి పట్టి ఎండి ఉంటుంది, ఒకే పక్క పావుకిలో కూడా ఉండొచ్చు. తడిపి, కర్రతో గీకి, అప్పుడు చూడు. బ్యాలెన్సింగు చేసేవాడు మట్టి గీకకుండా సీసం ముక్కలు అంటిస్తే, మట్టి రాలిన రోజు మళ్లీ వణుకుతుంది.

చెలక_బండి
మళ్ల గాలి నింపుడు ఎట్ల? చేను నుంచి బంకు 9 కిలోమీటర్లు.

టైర్ల_దుకాణం
12 వోల్టుల కంప్రెసర్ కొను. సిగరెట్ లైటర్ సాకెట్‌కు గుచ్చేది తీసుకోకు, అంత పెద్ద టైరు 22 నుంచి 32కు తెచ్చేలోపు సాకెట్ ఫ్యూజు కొట్టేస్తది. బ్యాటరీకి క్లిప్పులు పెట్టేది తీసుకో. ఇంజిన్ స్టార్ట్‌ల ఉంచి కొట్టు. రెండు టైర్లు కాగానే పది నిమిషాలు చల్లారనియ్యి. కొత్త టైర్లు ఎక్కించినంక 100 కిలోమీటర్లకు నట్లు మళ్ల పానా పెట్టి చూసుకో.

హన్మకొండ_థార్
ఆ పాత 245లు అమ్ముతవా?

చెలక_బండి
3 మి.మీ. టైర్లు నీకెందుకన్నా?

హన్మకొండ_థార్
కచ్చురం ఎడ్లబండికి. మొకం వస్తది.